ఉద్దానం కిడ్నీ రీసెర్చ్‌లో చరిత్ర చదివినవాళ్ళకేం పని?

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఎక్కడ మాటొచ్చినా శ్రీకాకుళం జిల్లా వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. ఇన్నేళ్ళైంది, ఇన్ని టీములొచ్చాయి, రక్తం తీసుకెళ్ళారు, సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి కూడా పట్టుకెళ్ళారు, మరి కారణం ఇంకా ఎందుకు తేల్లేదు? కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇది ఇంట్లో ఒకరిని డయాలసిస్‌కి పంపుతూ అడిగే ప్రశ్న. జవాబుగా ఎవరికి తోచింది వాళ్ళు చెబుతుంటారు, నీళ్ళే అని కొందరు, పురుగుమందులని కొందరు, ప్రభుత్వాలు పట్టించుకోలేదని కొందరు, ఎవరో కావాలనే దాచిపెడుతున్నారని ఇంకొందరు. కానీ పెద్దగా చర్చకి రాని సంగతి ఒకటుంది. ఈ సమస్యని మొదట్నించీ ల్యాబ్‌లో తేలాల్సిన సమస్యగానే చూశారు, అందుకే ఎక్కువగా ల్యాబ్ వాళ్ళనే పంపారు. ల్యాబ్ లేకుండా ఇది తేలదు, అందులో అనుమానమే లేదు. అయితే ల్యాబ్ ఒక్కటే ఉన్నా తేలదు, అదెందుకో కాస్త వివరంగా చూడాలి.

ముందు జబ్బు సంగతి. మామూలుగా కిడ్నీలు పాడవ్వడానికి పెద్ద కారణాలు షుగరు, బీపీ. ఉద్దానంలో చాలామంది పేషెంట్లకి ఈ రెండూ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి, అందుకే దీన్ని కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు, డాక్టర్లు పొట్టిగా సీకేడీయూ అంటారు. 2019, 2020లో అచ్చైన రెండు సర్వేల ప్రకారం ఇక్కడి పెద్దవాళ్ళలో దగ్గర దగ్గర ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉంది, వాళ్ళలో ఎక్కువమందికి తెలిసిన కారణం ఏదీ లేదు. శ్రీలంకలో అనురాధపుర, పొలొన్నరువ వైపు వరి రైతుల్లో, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది, కానీ మూడు చోట్లా కారణం ఒకటేనని ఎవరూ రుజువు చెయ్యలేదు.

ఈ జబ్బు చప్పుడు చెయ్యదు. కిడ్నీ పనితనం చాలావరకూ పోయేదాకా మనిషి మామూలుగానే తిరుగుతాడు, కొబ్బరి తోటలో పని చేసుకుంటాడు, కాస్త నీరసం, ఆకలి తగ్గడం తప్ప ఏమీ తెలీదు. పైగా షుగరు వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ బాగా పోతుంది, ఇందులో అంతగా పోదు, ఎందుకంటే దెబ్బ ప్రధానంగా వడపోసే భాగానికి కాకుండా దాని పక్కనుండే సన్నటి గొట్టాలకీ వాటి మధ్య కణజాలానికీ తగులుతుంది. కాబట్టి క్యాంపు పెట్టి మూత్రంలో పుల్ల ముంచి చూసి బాగానే ఉంది అని పంపేస్తే చాలామంది తప్పిపోతారు. రక్తంలో క్రియాటినిన్ చూడాలి, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం, దాన్నిబట్టి వడపోత వేగం లెక్కకట్టాలి, అది నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తక్కువొస్తే 3 నెలల తర్వాత మళ్ళీ చూడాలి, అప్పుడుగానీ దీర్ఘకాలిక జబ్బు అని రాయకూడదు. ఎండలో పనిచేసి డీహైడ్రేషన్‌తో వచ్చినవాళ్ళకి కూడా ఆ ఒక్కరోజు క్రియాటినిన్ పెరిగి కనిపించొచ్చు కదా. ఒక్కసారి వచ్చి శాంపిల్ తీసుకుని వెళ్ళిపోయే సర్వేకి ఇక్కడే మొదటి చిక్కు.

రెండో చిక్కు ఇంకా పెద్దది, అసలు విషయం అంతా దాన్లోనే ఉంది. ఇవాళ 50 ఏళ్ళ మనిషికి కిడ్నీలు పాడయ్యాయంటే ఆ పాడవ్వడం ఇవాళ మొదలైంది కాదు, పదేళ్ళో ఇరవై ఏళ్ళో వెనక మొదలై ఉంటుంది. అంటే ఆ కిడ్నీని దెబ్బతీసింది ఏదైనా అప్పటి నీళ్ళు, అప్పటి మందు, అప్పటి పని, అప్పటి తిండి. మనం పరీక్ష చేస్తున్నది మాత్రం ఇవాళ్టి నీళ్ళు. ఆ మనిషి 2000 సంవత్సరంలో తాగిన బావి పూడిపోయి ఉండొచ్చు, దాని పక్కన బోరు పడి ఉండొచ్చు, అప్పట్లో తోటలో కొట్టిన మందు ఇప్పుడు బజార్లో దొరక్కపోవచ్చు, అప్పుడు కూలికెళ్ళిన చోటికి ఇప్పుడు వెళ్ళకపోవచ్చు. ఇవాళ్టి నీళ్ళలో ఏమీ దొరకలేదంటే నీళ్ళకి సంబంధం లేదని అర్థం కాదు, ఇవాళ్టి నీళ్ళలో ఏదో దొరికిందంటే అదే కారణమనీ కాదు. ల్యాబ్ మెషీన్ ఎంత ఖరీదైనదైనా ఇరవై ఏళ్ళ కిందటి గ్లాసు నీళ్ళని పరీక్ష చెయ్యలేదు. ఆ గ్లాసు సంగతి చెప్పగలిగేవి రెండే రెండు, మనుషుల జ్ఞాపకం, పాత రికార్డులు. ఈ రెంటితో పని చెయ్యడం ఎవరికి నేర్పుతారు? హిస్టరీ, ఆంత్రోపాలజీ, సోషియాలజీ చదివినవాళ్ళకి.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు, ఇలా జరిగిన చోటు ఉంది. యూరప్‌లో డాన్యూబ్ ఉపనదుల పక్కన బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, రుమేనియా పల్లెల్లో ఇలాగే కారణం తెలియని కిడ్నీ జబ్బు ఉండేది, 1950ల్లో డాక్టర్లు దాన్ని గుర్తించి రాశారు. కొన్ని ఊళ్ళకే వస్తుంది, పక్క ఊరికి రాదు, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తుంది, అచ్చం ఉద్దానం కథే. భారలోహాలన్నారు, బొగ్గు గనుల పక్క నీళ్ళన్నారు, బూజు విషమన్నారు, వైరస్ అన్నారు, వంశపారంపర్యం అన్నారు. 1969లో ఇవిచ్ అనే పరిశోధకుడు గోధుమ చేలల్లో అరిస్టోలోకియా అనే కలుపు మొక్క పెరుగుతోందని, దాని గింజలు గోధుమలతో కలిసి పిండిలోకి, రొట్టెలోకి వెళ్తున్నాయని, విషం అదే అయ్యుండొచ్చని అన్నాడు. దాన్ని చాలాకాలం ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. 1990ల మొదట్లో బెల్జియంలో బ్రస్సెల్స్‌లో సన్నబడ్డానికి మూలికల మందు వాడిన ఆడవాళ్ళకి వరసగా కిడ్నీలు పాడైతే చూశారు, ఆ మందులో పొరపాటున అదే జాతి మొక్క కలిసింది. అప్పుడు మళ్ళీ ఆ పాత మాట గుర్తొచ్చింది. తర్వాత పరిశోధకులు ఆ పల్లెలకి వెళ్ళి పేషెంట్లనీ, జబ్బు లేనివాళ్ళనీ కూర్చోబెట్టి, 20, 30 ఏళ్ళ కిందట మీ పొలాల్లో ఈ మొక్క ఎంత ఉండేది, గోధుమలు ఎలా కోసేవారు, ఎలా ఆడించేవారు, రొట్టె ఎక్కడిది తినేవారు అని అడిగారు. ఇంకోపక్క ల్యాబ్‌లో పేషెంట్ల కణజాలంలో ఆ మొక్క విషం డీఎన్ఏకి అతుక్కుని ఉన్న గుర్తులు పట్టుకున్నారు. 2007 నాటికి గట్టి రుజువు దొరికింది. గుర్తించినప్పట్నించి లెక్కేస్తే దగ్గర దగ్గర 50 ఏళ్ళు పట్టింది.

ఇందులో ల్యాబ్ గొప్పదా, పల్లెలో అడగడం గొప్పదా అని పోటీ పెట్టక్కర్లేదు, రెండూ కలిసినప్పుడు తేలింది. కాకపోతే ఒకటి గమనించాలి, ల్యాబ్‌లో ఏం వెతకాలో చెప్పింది పొలం. ఫలానా విషం కోసం చూడండి అని ముందు ఎవరో చెప్పకపోతే మెషీన్ దానంతటది ఏం కనిపెడుతుంది?

ఇప్పుడు ఉద్దానంలో ఆ అడగడం ఎలా జరుగుతోందో చూద్దాం. చాలా సర్వేల్లో ఒక ప్రశ్నాపత్రం ఉంటుంది, ఇంగ్లీషులో తయారైంది, ఎక్కడో తెలుగులోకి మార్చింది. ఎన్నేళ్ళుగా ఈ నీళ్ళు తాగుతున్నారు, పురుగుమందులు వాడతారా, నొప్పి మాత్రలు వాడతారా, పొగాకు అలవాటుందా, ఇలా వరసగా ఉంటాయి. అడిగేవాడు ట్యాబ్ పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతాడు, 20 నిమిషాల్లో అయిపోవాలి. నొప్పి మాత్రల ప్రశ్నే తీసుకోండి. కిడ్నీకి హాని చేసే వాటిల్లో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఒకటని అందరికీ తెలిసిందే, కాబట్టి ఆ ప్రశ్న ముఖ్యమైంది. కానీ వాడతారా అని అడిగితే లేదండీ అంటారు, అబద్ధం చెబుతున్నారని కాదు, డాక్టర్ రాసిచ్చి రోజూ వేసుకునేదాన్నే వాడకం అనుకుంటారు. కొబ్బరి దింపు పని చేసొచ్చిన సాయంత్రం ఒళ్ళు నొప్పులని కిరాణా కొట్టులో తీసుకున్న బిళ్ళ, ఆరెంపీ దగ్గర చేయించుకున్న సూది, కోతల సీజన్లో వరసగా పది రోజులు వేసుకున్నవి, ఇవేవీ వాళ్ళ లెక్కలోకి రావు. అదే ఊళ్ళో నెల రోజులుండి, కొట్టు దగ్గర కూర్చుని, ఎవరు ఏం కొంటున్నారో ఎప్పుడు కొంటున్నారో చూసే మనిషికి ఇది తెలుస్తుంది. ఆంత్రోపాలజీ వాళ్ళు ఫీల్డ్‌వర్క్ అనేది దీన్నే. ఖర్చు తక్కువ, టైం ఎక్కువ.

ఏళ్ళ విషయం కూడా అంతే. మీరు ఈ బోరు నీళ్ళు ఏ సంవత్సరం నుంచి తాగుతున్నారంటే ఎవరు చెప్పగలరు? ఏదో ఒక అంకె చెప్పేస్తారు, ఆ అంకె కంప్యూటర్లోకి ఎక్కేస్తుంది, తర్వాత దానిమీద పెద్ద పెద్ద లెక్కలు కడతారు. దీనికి జనాభా లెక్కలవాళ్ళు, సోషియాలజీ వాళ్ళు ఎప్పట్నించో వాడుతున్న పద్ధతి ఒకటుంది, ఊరి ఘటనల క్యాలెండర్ తయారు చేసుకోవడం. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న వజ్రపుకొత్తూరు మండలం దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, ఆ రోజు ఇక్కడ ఎవరూ మర్చిపోరు. దానికి ఐదేళ్ళ ముందు 2013 అక్టోబరులో ఫైలిన్. అంతకు ముందు 1999 తుపాను. ఇవి కాక ఊళ్ళో కరెంటొచ్చిన ఏడాది, మొదటి బోరు పడ్డ ఏడాది, వాటర్ ట్యాంకు కట్టిన ఏడాది, రోడ్డు పడిన ఏడాది. ఇవన్నీ గోడమీద చార్టులా పెట్టుకుని, బోరు పడేటప్పటికి మీ పెద్దమ్మాయికి పెళ్ళైందా, ఫైలిన్ అప్పటికి మీరు బావి నీళ్ళే తాగేవారా అని అడిగితే జ్ఞాపకం దానంతటది దారిన పడుతుంది. ఇలా ఒక్కో మనిషికీ పుట్టిందగ్గర్నించీ ఎక్కడున్నాడు, ఏ నీళ్ళు తాగాడు, ఏ పని చేశాడు అని రాసుకుంటే, దాన్ని వాళ్ళ క్రియాటినిన్ పక్కన పెట్టి చూస్తే, అప్పుడు ఆ రక్తం శాంపిల్‌కి అర్థం వస్తుంది.

మనుషుల జ్ఞాపకం చాలని చోట రికార్డులు. ఇక్కడ శ్రీకాకుళం జిల్లాకి ఒక ప్రత్యేకమైన తిప్పలుంది. ఈ ప్రాంతం బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గంజాం అటుపోయింది, ఈ ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం విడి జిల్లా అయింది, తర్వాత 1979లో విజయనగరం జిల్లా కోసం కొంత భాగం పోయింది, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా కోసం ఇంకొంత పోయింది. అంటే ఉద్దానంలో ఏ ఊళ్ళో ఎన్ని బావులున్నాయి, తోటలెంత, పల్లమెంత, జనం ఏ జబ్బులతో చనిపోయేవారు అని వందేళ్ళ వెనక్కి వెళ్ళి చూడాలంటే ఒకచోట దొరకదు, చెన్నైలో కొంత, ఒడిశా వైపు కొంత, విశాఖలో కొంత వెతకాలి. అసలు ఈ జబ్బు ఎప్పట్నించి ఉంది అనేదే పెద్ద ప్రశ్న కదా. 1990ల తర్వాత మొదలైందా, లేక అంతకుముందూ ఉండి ఒళ్ళు వాచి చనిపోయాడు అని ఊరుకున్నారా, క్రియాటినిన్ పరీక్ష అందుబాటులోకి రావడం వల్ల కొత్తగా కనిపించిందా? కొత్తగా మొదలైందని తేలితే ఆ టైంలో ఊళ్ళోకి కొత్తగా ఏమొచ్చిందో వెతకాలి. ఎప్పట్నించో ఉందని తేలితే మట్టి, రాయి, నీరు, వంశం వైపు చూడాలి. దారులు పూర్తిగా వేరైపోతాయి. ఈ ఒక్క ప్రశ్న తేల్చడానికి ఒక హిస్టరీ పీహెచ్‌డీ చాలు.

ఎవరు ఏ పని చేస్తున్నారన్నది ఇంకో సంగతి. మధ్య అమెరికాలో ఈ జబ్బు ఎక్కువగా మగవాళ్ళకి, అదీ ఎండలో చెరకు నరికేవాళ్ళకి వచ్చింది, అందుకే అక్కడ ఎండ దెబ్బ సిద్ధాంతం గట్టిపడింది, నీడ, విశ్రాంతి, మంచినీళ్ళు అని పనిచోటే మార్పులు చేసి చూస్తున్నారు. ఉద్దానంలో ఆడవాళ్ళు కూడా చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు, పైగా ఇది కొబ్బరి, జీడి, పనస చెట్ల నీడ బాగా ఉన్న ప్రాంతం. మరి ఎండ సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుందా రాదా అని కుర్చీలో కూర్చుని చెప్పలేం. ఆడవాళ్ళు ఏం పని చేస్తున్నారు? పలాస వైపు జీడిపప్పు బట్టీల్లో, పిక్కలు కాల్చే వేడి దగ్గర, పొట్టు వలిచే దగ్గర ఎన్ని గంటలు కూర్చుంటున్నారు, మధ్యలో మంచినీళ్ళు తాగుతున్నారా, లేక మరుగుదొడ్డి సౌకర్యం సరిగ్గా లేదని తాగడమే తగ్గించుకుంటున్నారా? ఈ చివరి ప్రశ్న ఒక మగ సర్వేయర్ ట్యాబ్ పట్టుకుని అడిగితే జవాబు రాదు. ఆడపిల్లలు సోషల్ వర్క్ ఎంఏ చేసేవాళ్ళు వెళ్ళి పక్కన కూర్చుని మాట్లాడితే వస్తుంది. జవాబు వస్తే అది కిడ్నీ ఫిజియాలజీకి నేరుగా పనికొచ్చే సమాచారం, ఎందుకంటే రోజూ శరీరంలో నీళ్ళు తగ్గిపోతుంటే కిడ్నీ మీద పడే భారం వేరు.

ఉద్దానంలో కిడ్నీ పేషెంట్ ఉన్న ఇంటికి వెళ్తే గూట్లోనో బీరువా మీదో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. బట్టల కొట్టు కవరు, దాని నిండా రిపోర్టులు. సోంపేటలో తీయించినవి, విశాఖ కేజీహెచ్‌వి, బరంపురం వెళ్ళినప్పటివి, ఎవరో క్యాంపు పెట్టినప్పటి చీటీ, ప్రైవేటు ల్యాబ్‌వి నాలుగైదు, కొన్నిటి మీద ఇంకు వెలిసిపోయి అంకె కనిపించదు. వరసగా పేర్చి చూస్తే క్రియాటినిన్ 1.4, 1.7, 2.3, 4.1 అని ఒక మనిషి పదేళ్ళ జీవితం కనిపిస్తుంది. ఒక్కో ల్యాబ్ పద్ధతి ఒక్కోలా ఉంటుంది, పాత జాఫే పద్ధతికీ ఎంజైమ్ పద్ధతికీ అంకెల్లో తేడా వస్తుంది, కాబట్టి వీటిని ఉన్నదున్నట్టు పక్కపక్కన పెట్టి లెక్కకట్టకూడదు, నిజమే. కానీ జబ్బు ఎంత వేగంగా ముదిరింది, ఎప్పుడు ఒక్కసారిగా ఎగిరింది, ఆ ఏడాది ఏం జరిగింది అని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం ఇంకేం కావాలి? ఆ కాగితాలని ఫోటో తీసి, తారీఖు, ల్యాబ్ పేరు, అంకె రాసి, పేషెంట్ పేరు తీసేసి దాచిపెట్టడం అంటే ఒక ఆర్కైవ్ తయారు చెయ్యడం. పాత తాళపత్రాలని, శాసనాలని భద్రపరిచేవాళ్ళకి ఈ పని బాగా తెలుసు. వచ్చే ప్రతి కొత్త టీమూ మళ్ళీ కొత్తగా రక్తం తీస్తుంది, ఆ కవరు మాత్రం గూట్లోనే ఉండిపోతుంది. జనం కూడా విసిగిపోతారు కదా, రక్తం ఇచ్చిన ప్రతిసారీ రిపోర్టు వస్తుందని చూస్తారు, చాలాసార్లు రాదు, వచ్చినా ఇంగ్లీషులో వస్తుంది.

ఇక నీళ్ళ సంగతి. ఇప్పుడు ఉద్దానంలో పరిశోధకులకి మళ్ళీ మళ్ళీ దొరకని అవకాశం వచ్చింది. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్ళని శుద్ధి చేసి పైపుల్లో ఈ 7 మండలాలకి ఇచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ రీసెర్చ్ సెంటర్ ఆసుపత్రి, రెండూ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అంటే లక్షలమంది తాగే నీళ్ళు భూగర్భ జలం నుంచి నది నీళ్ళకి మారే దారిలో ఉన్నాయి. నీళ్ళే కారణమైతే కొత్తగా జబ్బు పడేవాళ్ళ సంఖ్య కొన్నేళ్ళలో తగ్గాలి, కాకపోతే తగ్గకూడదు. డబ్బుపెట్టి ఎవరూ చెయ్యలేని ప్రయోగం ఇది, ప్రభుత్వమే చేసిపెట్టింది.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ సరిగ్గా ఇలాంటి అవకాశాన్నే వాడుకున్నాడు. ఒకే వీధిలో కొన్ని ఇళ్ళకి ఒక కంపెనీ నీళ్ళు, కొన్ని ఇళ్ళకి ఇంకో కంపెనీ నీళ్ళు వచ్చేవి, అందులో ఒక కంపెనీ 1852లో థేమ్స్ నదిలో పైకి, మురుగు కలవని చోటికి మారిపోయింది. ఆయన ఇంటింటికీ తిరిగి మీకు ఎవరి నీళ్ళొస్తున్నాయి అని అడిగాడు, చాలామందికి తెలీదు, అద్దెకుండేవాళ్ళకి బిల్లు ఎవరు కడుతున్నారో ఏం తెలుస్తుంది, అప్పుడు నీళ్ళలో ఉప్పు శాతం పరీక్ష చేసి ఏ కంపెనీవో పోల్చుకున్నాడు. అదే ఏడాది బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర కలరాలో హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి పాస్టర్, మొదట స్నో మాట నమ్మనివాడు, తన పేటలో ప్రతి గడపా ఎరిగినవాడు కాబట్టి ఇల్లిల్లూ మళ్ళీ మళ్ళీ తిరిగి ఎవరు ఎప్పుడు ఆ పంపు నీళ్ళు తాగారో రాసుకుని, చివరికి స్నో మాటకే బలం ఇచ్చాడు. డాక్టర్ ఒకడు, ఊరి మనిషి ఒకడు.

ఉద్దానంలో ఇప్పుడు ఆ వైట్‌హెడ్ పని ఎవరైనా చేస్తున్నారా అన్నది అడగాల్సిన ప్రశ్న. కుళాయి వచ్చినంత మాత్రాన అందరూ ఆ నీళ్ళే తాగుతారని కాదు. రుచి నచ్చలేదని బావి నీళ్ళే తాగే పెద్దవాళ్ళుంటారు, కుళాయి వచ్చే టైంకి పనికి వెళ్ళిపోయేవాళ్ళుంటారు, ఇంట్లో కుళాయి నీళ్ళు తాగి రోజంతా తోటలో బోరు నీళ్ళు తాగేవాళ్ళుంటారు, డబ్బా నీళ్ళు కొనుక్కునేవాళ్ళుంటారు. ఇది రాసుకోకుండా పదేళ్ళ తర్వాత నీళ్ళు మార్చినా జబ్బు తగ్గలేదు అని తేల్చేస్తే అది తప్పుడు తీర్పు అవుతుంది, ఎందుకంటే నీళ్ళు మారింది కాగితం మీద, మనుషుల గొంతులోకి కాదు.

మన్యం వైపు చూస్తే ఇదే సమస్య ఇంకో రూపంలో ఉంది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సవర, జాతాపు, గదబ జనం ఉంటారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే సికిల్ సెల్ రక్తహీనతని 2047 నాటికి లేకుండా చెయ్యాలని కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ళలోపు 7 కోట్లమందికి పరీక్షలు చెయ్యాలని లక్ష్యం. పరీక్ష చెయ్యడం సులువు, రక్తం చుక్క చాలు. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లైతే, అంటే జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రం ఒకటి మోస్తున్నవాళ్ళైతే, ప్రతి కాన్పులోనూ పిల్లకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, ఒక్కరే క్యారియరై రెండోవాళ్ళకి ఏమీ లేకపోతే పిల్లలకి ఆ జబ్బు రాదు, క్యారియర్ మనిషికి సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. ఈ నాలుగు ముక్కలు సరిగ్గా చెప్పకుండా నీకు సికిల్ సెల్ ఉంది అని ఒక ఆడపిల్ల చేతిలో కార్డు పెడితే ఆ పిల్లకి సంబంధాలు రావు. ఏ ఇంటివాళ్ళు ఏ ఇంటివాళ్ళని చేసుకుంటారు, మేనరికాలు ఎంత, పెళ్ళి మాట ముందు ఎవరి చెవిన పడుతుంది, ఇవి తెలిసినవాళ్ళు జెనెటిక్స్ టీములో లేకపోతే మంచి చెయ్యబోయి చెరుపు చేసినట్టవుతుంది.

దీనికి దారి చూపించిన మనిషి మన జిల్లావాడే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం చేసుకుంటూ, తెలుగొచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టారు. దశాబ్దాల కష్టం తర్వాత 1931లో సవర వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువులూ వచ్చాయి. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు కూడా వేస్తాం. కానీ ఆయన పద్ధతి, అంటే ముందు జనం మాట నేర్చుకుని ఆ తర్వాత వాళ్ళ గురించి రాయడం, మన పరిశోధనల్లో ఎంతవరకూ ఉంది? ఏజెన్సీలో రక్తం తీసే టీములో సవర మాట్లాడగలిగే ఒక్క మనిషైనా జీతం తీసుకుంటూ ఉండాలి అనే నియమం పెట్టడం అసాధ్యమేమీ కాదు.

పరిశోధనకి జనం ఒప్పుకోవడం, అంటే సమ్మతి సంగతి, అందుకే తేలిగ్గా తీసుకునేది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ప్రాంతాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసేది) అధ్యయనం జరిగింది, వేలమందికి టీకా వేశారు. చాలాచోట్ల అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది, 2010 ఏప్రిల్లో ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది. కొందరు పిల్లలు చనిపోవడానికీ టీకాకీ సంబంధం లేదని విచారణలో చెప్పారు, అది వేరే విషయం, అడగకుండా చేశారన్నది మాత్రం నిజం. మంచి టీకా మీద కూడా ఏళ్ళ తరబడి అనుమానం మిగిలిపోయింది. దేశంలో వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాల్లో బలహీన వర్గాలకి అదనపు రక్షణ, వాళ్ళకి అర్థమయ్యే భాషలో సమ్మతి, ఊరి పెద్దలతో సంప్రదింపు అన్నీ రాశారు. రాసినవి గడపదాకా రావాలంటే గడప దగ్గర మాట్లాడగలిగేవాళ్ళు కావాలి.

మరి ఇదంతా ఎందుకు జరగట్లేదు అంటే డబ్బు దారులు వేరు వేరు. వైద్యానికి ఐసీఎంఆర్, సమాజ శాస్త్రాలకి 1969లో పెట్టిన ఐసీఎస్ఎస్ఆర్, చరిత్రకి 1972లో పెట్టిన ఐసీహెచ్ఆర్. ఒక్కోదానికి ఒక్కో ఫారం, ఒక్కో కమిటీ, ఒక్కో గడువు. 2023లో చట్టం చేసి తెచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కి ఐదేళ్ళలో 50,000 కోట్లని అంచనా వేశారు, అందులో మానవ శాస్త్రాలకి చోటు ఉంది కానీ సైన్స్‌తో కలిసే చోట మాత్రమే. ఉద్దానం లాంటి ప్రాజెక్టు సరిగ్గా ఆ కలిసే చోటే కదా, ఎవరైనా గట్టిగా రాసి అడగొచ్చు. గడువుల సంగతి ఇంకా ఇబ్బంది. జబ్బు ముదరడానికి పదిహేనేళ్ళు పడుతుంది, ప్రాజెక్టు మూడేళ్ళకి వస్తుంది, పీహెచ్‌డీ పిల్లాడు ఐదేళ్ళలో బయటపడాలి. అవే మనుషుల్ని ఏటా మళ్ళీ మళ్ళీ చూసే పని, కోహోర్ట్ అంటారు దాన్ని, అది ప్రాజెక్టు మీద బతకదు, దానికి ఒక సంస్థ ఇల్లులా ఉండాలి.

అలాంటి సంస్థలు ఇక్కడ లేవా అంటే ఉన్నాయి. ఎచ్చెర్లలో 2008లో అంబేద్కర్ యూనివర్సిటీ పెట్టారు, అంతకుముందు అక్కడ ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్ ఉండేది. శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, రెంటి మధ్య దూరం ఆటోలో వెళ్ళొచ్చేంత. విజయనగరంలో 2019 నుంచి కేంద్ర గిరిజన యూనివర్సిటీ, 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ. గురజాడ అప్పారావుగారు ఒకప్పుడు విజయనగరం సంస్థానంలో శాసనాలు చదివి చరిత్ర సేకరించే ఉద్యోగం చేశారు, అలాంటి పనికి జీతమిచ్చిన ఊరది. ఇప్పుడు మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంటూ యూనివర్సిటీ సోషల్ సైన్స్ డిపార్ట్‌మెంటూ ఒక పేపర్ మీద కలిసి సంతకం పెట్టాలంటే వీసీ దగ్గర్నించి ప్రిన్సిపాల్ దాకా ఫైళ్ళు తిరగాలి. పోస్టులు ఖాళీలు, గెస్ట్ ఫ్యాకల్టీతో క్లాసులు నడపడమే కష్టంగా ఉన్నప్పుడు పరిశోధన ఎవరు చేస్తారు అనే బాధ నిజమైందే. కానీ ఎంఏ, ఎంఎస్‌డబ్ల్యూ పిల్లలకి డిసర్టేషన్ ఎలాగూ ఉంటుంది. ఏదో ఒక టాపిక్ మీద పాతవి చూసి కాపీ కొట్టే బదులు ఒక్కో విద్యార్థికి ఒక్కో ఊరిస్తే, ఆ ఊళ్ళో బావులు, బోర్లు, ట్యాంకులు, కుళాయిలు ఎప్పుడెప్పుడు వచ్చాయో రాయిస్తే, ఏటా ముప్ఫై నలభై ఊళ్ళ నీళ్ళ చరిత్ర చేతికొస్తుంది. దీనికి విదేశీ టీమ్ అక్కర్లేదు, బస్ చార్జీలు చాలు.

అన్నిటికంటే తొందరగా చెయ్యాల్సింది కుళాయి తారీఖులు. ఏ ఊరికి, ఏ వీధికి వంశధార నీళ్ళు ఏ రోజు మొదలయ్యాయో, ఎన్ని రోజులు ఆగిపోయాయో, రిపేర్లప్పుడు జనం ఏ నీళ్ళు తాగారో ఇప్పుడు అడిగితే పంచాయతీలోనూ గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) ఇంజినీర్ల దగ్గరా ఇళ్ళల్లోనూ చెబుతారు. ఇంకో ఐదేళ్ళాగితే ఎప్పుడో వచ్చాయి అంటారు. ఆ తారీఖుల పట్టిక ఒకటి పలాస రీసెర్చ్ సెంటర్‌లో ఉండాలి, దాని పక్కనే అదే ఊళ్ళ వాళ్ళ క్రియాటినిన్, ఏటా ఒకే ల్యాబ్‌లో ఒకే పద్ధతిలో చేసింది ఉండాలి, రిపోర్టు తెలుగులో ఇంటికి వెళ్ళాలి. పరీక్ష చేయించుకోవాల్సింది ఇప్పటి పేషెంట్లు ఒక్కరే కాదు, ఇంకా ఏ జబ్బూ లేని 20, 25 ఏళ్ళ పిల్లలు కూడా, ఎందుకంటే నీళ్ళు మార్చిన ఫలితం కనిపించాల్సింది వాళ్ళ రక్తంలోనే.